ప్లాట్‌ఫారం మారింది

పద్దెనిమిదేళ్ళు విశాఖపట్నం బస్టాండులో మైకు ముందు కూర్చుని, పాడేరు బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో, పలాస బస్సు ఏ ప్లాట్‌ఫారం మీంచి కదులుతుందో ఊరందరికీ చెప్పిన మనిషి నూకరత్నం. ఒక్క ప్రయాణికుణ్ణి కూడా తప్పుడు ప్లాట్‌ఫారం మీద నిలబెట్టలేదని ఆవిడకు గర్వం. అందుకే, పిచ్చాపాటిని ఎక్కడికి మార్చాలన్న ప్రశ్న వచ్చినప్పుడు కుటుంబాలన్నీ ఆవిడ వైపే చూశాయి. ఆ చూపులకి ఆవిడ పొంగిపోయింది కూడా. దాచడం దేనికి?

పిచ్చాపాటి అనేది ఇంటర్నెట్టులో ఒక కబుర్ల బృందం. పేరుకి తగ్గట్టే పొద్దస్తమానం అక్కడ వంకాయల గురించీ, అల్లుళ్ళ గురించీ, వానల గురించీ కబుర్లు దొర్లేవి. విచిత్రమేమిటంటే ఆ కబుర్లాడేవాళ్ళలో ఒక్కరికీ నోరు పెగలదు. మెదడు అడుగున నెత్తురు గడ్డకట్టి, మెడ నుంచి కాలివేలిదాకా చచ్చుబడి, తెలివి మాత్రం నిక్షేపంగా మిగిలినవాళ్ళు. కళ్ళొక్కటే కదులుతాయి. పైకి చూస్తే ఔను, రెప్పలు రెండుసార్లు ఆర్పితే కాదు.

నూకరత్నం భర్త గవర్రాజు వాళ్ళలో ఒకడు. పాడేరు ఘాటు రోడ్డు మీద ఇరవయ్యేళ్ళు బస్సు నడిపినవాడు, ఏడేళ్ళ కిందట డిపోలో టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. దిక్కుతోచని ఆ రోజుల్లోనే డాక్టర్ కామేశ్వర పట్నాయక్ అనే ఆయన తన ప్రయోగశాలలో వలలాంటి టోపీ ఒకటి తయారుచేశాడు. అనుకోవడానికీ అనడానికీ మధ్య మెదడులో పుట్టే కదలికను అది పట్టుకుంటుంది. ఆ కదలిక ఏ ఇద్దరికీ ఒక్కలా ఉండదు. అందుకని మనిషికొక 'చెవి'ని యంత్రాల్లో పెంచాలి. గవర్రాజు చెవి పెరగడానికి నాలుగేళ్ళు పట్టింది. 'కిటికీ' అన్న మాట ఒక్కటే రెండువేలసార్లు అనుకున్నాడు మహానుభావుడు. చివరికి ఒక మధ్యాహ్నం గోడమీది స్పీకరు "కిటికీ" అంది. నూకరత్నం గుమ్మంలోనే చతికిలబడి బావురుమంది.

"ఆ పూట కిటికీ తెరిసీసినాక ఏడాల్సింది నువ్వు. ఉడికిపోనాను నాను" అని, మాటలు బాగా వచ్చాక, ఏడాది తరవాత దెప్పాడు.

అప్పట్నుంచీ ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాలు మళ్ళీ పోట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆవిడకి అంతకంటే కావలసిందేమీ లేదు. ఆ గొంతు ఒక్కటుంటే చాలు, మిగతా ఒళ్ళు దేవుడి దగ్గరే ఉంచుకోమనేది.

ఆ చెవులన్నీ ఉండేది 'గూడు' అనే ప్లాట్‌ఫారంలో. పిచ్చాపాటి కూడా అందులోనే నడిచేది. పగలల్లా కబుర్లాడి, సాయంత్రం ఎవరిమట్టుకు వాళ్ళు "ఎల్లొస్తాను" అని సెలవు తీసుకునేవాళ్ళు. అంతా బాగానే ఉంది, చోడవరం హెడ్మాస్టరు సన్యాసిరావుగారు పోయేదాకా.

ఆయన నిద్రలో పోయారు. పొద్దున్నే టోపీ తీసేసి, స్నానం చేయించి, పాడె కడుతున్నారు. ఏడింటికి గోడమీది స్పీకరు పలికింది. "శుభోదయం. ఇవాళ ఏకాదశి. విమలా, కాఫీలో పంచదార తగ్గించమ్మా."

కూతురు విమల పెట్టిన కేకకి పాడె కడుతున్నవాళ్ళు తాళ్ళు వదిలేశారు. గూడులో ఆయన చెవి బతికే ఉంది. మనిషి రాకపోతే, అలవాటును బట్టి ఆయన ఏమనేవాడో ఊహించి తనే అనేస్తోంది. పదకొండు రోజులు, పెద్దకర్మ దాకా, పిచ్చాపాటిలో సన్యాసిరావుగారు తిథులు చెప్పారు. విమల ఇంట్లో స్పీకరు పీకేసింది గానీ బృందంలో ఆయన గొంతును ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఎన్ని ఉత్తరాలు రాసినా గూడువాళ్ళది ఒకటే జవాబు: సభ్యుడు వెళ్ళలేదు. పన్నెండోరోజున మరణ ధ్రువపత్రం చూపించాక తీశారు.

"ఈ దరిద్రపు కొంప మనకొద్దు" అంది నూకరత్నం. "మారిపోదాం."

ఇరవై రెండు కుటుంబాలు సరేనన్నాయి. ఆవిడ నెలరోజులపాటు ప్లాట్‌ఫారాలు వెతికింది. 'సందడి' అని ఒకటుంది. చూడముచ్చటగా ఉందిగానీ దానికి తొందరెక్కువ. మనిషి 'ఆక' అనుకునేసరికి 'ఆకాశం ఎంత అందంగా ఉందో' అని పూర్తిచేసేది. ఆకలితో ఉన్నవాడికి అది ఎంత మంట! ఇంకొకటి ఉచితమే, కానీ మాటకీ మాటకీ మధ్య చక్రాల కుర్చీల ప్రకటనలు వేస్తుందట. చివరికి 'వాకిలి' ఆవిడకు నచ్చింది. గూడులో పెరిగిన చెవిని అచ్చంగా తనలోకి దింపుకోగలదు. బృందం నడిపేవాళ్ళు కావాలంటే కాసేపు ఆపి మళ్ళీ తెరవచ్చు. అన్నింటికంటే ముఖ్యంగా, సభ్యుడు పోతానంటే పట్టుకు వేలాడదు. ఆ క్షణమే అతని చెవినీ, మాటలనూ, ఆనవాలు మిగలకుండా తుడిచేస్తుంది. తిరిగి తీయడమంటూ ఉండదు.

ఆ షరతు దగ్గర డాక్టర్ పట్నాయక్ కాస్త ఆగాడు. "రత్నమ్మగారూ, తుడిచేస్తే మళ్ళీ రాదని రాశాడు. కొంచెం కటువుగా లేదూ?"

"మరి కావాల్సింది అదే కదండీ డాక్టరు గారూ. సన్యాసిరావుగారి పిల్ల ఏడుపు మీరు వినలేదు. పోయినోడిని పోనిచ్చీదే మంచి ప్లాట్‌ఫారం. మైకులో పద్దెనిమిదేళ్ళు సెప్పినాను, నాకు తెల్దా?"

ఆయన సంతకం పెట్టాడు. ఆవిడా పెట్టింది, పెద్ద పెద్ద అక్షరాలతో.

గూడు ఖాళీ చేసే రోజు ఒక పండగలా జరిగింది. నిబంధన ప్రకారం, సభ్యుడు తన ఇష్టంతో, తన మాటల్లో సెలవు తీసుకోవాలి. ఇంకొకరు అతని తరఫున అనకూడదు. ఇది మంచి చట్టమే. ఆస్తి కాగితాలకు అడ్డం చెబుతున్నాడని ఎక్కడో ఒక ముసలాయన మాటను కన్నకొడుకులే మీట నొక్కి ఆపేశారట. అప్పటినుంచి టోపీనీ ప్లాట్‌ఫారాన్నీ కలిపే తాళం ప్లాట్‌ఫారం దగ్గరే ఉంచి, మనిషి నోటిమాటకు తప్ప ఊడకుండా చేశారు.

"మీరు వెళ్తున్నారా? మీ మాటల్లో చెప్పండి" అని గూడు అడిగింది.

పలాస జీడిపప్పు కార్ఖానాలో ముప్పయ్యేళ్ళు పప్పు ఒలిచిన ఎర్రయ్యమ్మ అందరికంటే ముందు పలికింది. "ఎల్లొస్తాను బాబూ. ఇన్నాల్లు ఉండనిచ్చినారు, మీ గూడు సల్లగుండ."

"ఎల్లొస్తానురా అబ్బాయ్" అన్నాడు గవర్రాజు, డిపోలో వాచ్‌మన్‌తో అన్నట్టు.

ఇరవై రెండుమందీ అదే మాట అన్నారు. తెలుగువాడు గడప దాటేటప్పుడు ఇంకేమంటాడు? జైలునుంచి విడుదలయ్యేవాడు కూడా జైలరుతో వెళ్ళొస్తానండీ అంటాడు. గూడు ఇరవై రెండు సెలవులూ రాసుకుంది. ఆ సాయంత్రానికి పిచ్చాపాటి వాకిలిలో మొదలైంది.

మొదటి వారం హాయిగా గడిచింది. రెండోవారంలో గవర్రాజు మాట తడబడింది.

"రత్నం... రత్నం. ఫేను... ఫేను ఎయ్యి."

స్పీకరు పాడైందేమోననుకుంది ఆవిడ. కొత్తది పెట్టించినా అంతే. ఫోనులో మన గొంతు మనకే అర క్షణం ఆలస్యంగా వినిపిస్తే నాలుక ఎలా మొద్దుబారుతుందో అందరికీ తెలుసు. వీళ్ళకి అది నాలుక మీద కాదు, మెదడులోనే జరుగుతోంది. మాట అందిందని టోపీ కణతల దగ్గర సన్నగా చిమచిమలాడిస్తుంది. ఇప్పుడది ప్రతి మాటకీ రెండుసార్లు చిమచిమలాడుతోంది. మూడోవారానికి పిచ్చాపాటిలో సగంమంది నోరు విప్పడం మానేశారు. ఊరందరి పెళ్ళిళ్ళూ కుదిర్చే ఎర్రయ్యమ్మకి "ఒలమ్మ", "వద్దు" అనే రెండు మాటలే మిగిలాయి.

గురువారం నాడు డాక్టర్ పట్నాయక్ ఆవిణ్ణి ప్రయోగశాలకు పిలిచి ఒక జాబితా చూపించాడు. గూడువాళ్ళ సెలవుల పుస్తకం అది. ఇరవై రెండు పేర్లు, ప్రతి పేరు పక్కనా ఒకటే వాక్యం: 'తాత్కాలికంగా వెళ్ళారు. తిరిగి వస్తానని హామీ ఇచ్చారు.'

"వెళ్ళొస్తాను అన్నారుగా" అన్నాడాయన. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "వెళ్ళి, వస్తాను. అది మాటను మాటగానే తీసుకుంది. హెడ్మాస్టరుగారు కూడా పోయే ముందు సాయంత్రం అదే అన్నారు. అందుకే పదకొండు రోజులు ఆయన్ని వదల్లేదు."

"అయితే ఇప్పుడు?"

"ఒక్కొక్కరికీ రెండు చెవులు. గూడులో పాతది, వాకిలిలో కొత్తది. టోపీ రెండింటికీ వినిపిస్తోంది. ఇలాగే ఇంకో వారం నడిస్తే మాట్లాడాలన్న కదలికే మెదడులో ఎండిపోతుంది. ఆ తరవాత చెవులున్నా వినడానికేమీ ఉండదు."

"దానికి మందేటండి?"

"పోతున్నాను, ఇక రాను అని వాళ్ళ చేత అనిపించాలి. ముక్కుసూటిగా, సందేహం లేకుండా. అప్పుడు గూడు వదిలేస్తుంది." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సోమవారం అందరినీ తీసుకురండి. నా ఎదురుగా, ఒకరి తరవాత ఒకరు. ముందు ఎర్రయ్యమ్మగారు, ఆవిడ పరిస్థితి అస్సలు బాలేదు. ఈలోగా ఎవరూ తొందరపడొద్దు."

తల ఊపింది నూకరత్నం. ఊపుతూనే మనసులో కర్చీఫు విసిరేసింది. బస్సు ఆగకముందే కిటికీలోంచి గుడ్డ వేసి సీటు ఆపుకునే జనం మధ్య పద్దెనిమిదేళ్ళు బతికిన మనిషి. బృందం నడిపేది తను, రాత్రింబవళ్ళు చాకిరీ చేసేది తను, తన మొగుడు మాత్రం ఎర్రయ్యమ్మ వెనకాల వరసలో కూర్చోవాలా? సోమవారంలోగా అతని మాట ఎండిపోతే ఎవరు ఆర్చేవారు, ఎవరు తీర్చేవారు?

శనివారం పొద్దున్న అతనికి తల దువ్వి, టోపీ సర్ది, ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది.

"మావా, ఒక్క మాట అనీయాల నువ్వు."

"ఏటి... ఏటి."

"పోతన్నాను, ఇంక రాను. అంతే."

గవర్రాజు కళ్ళు ఆవిడ ముఖం మీదే ఉన్నాయి.

"అది... అది. అననే... అననే."

"ఎందుకనవు?"

"డ్రైవర్ని... డ్రైవర్ని. ఇరవయ్యేల్లు. ఒక్కపాలి... ఒక్కపాలి అన్లేదు."

నిజమే. ఘాటు రోడ్డు డ్రైవర్లలో ఎవడూ ఆ మాట అనడు. చివరి ట్రిప్పును కూడా చివరిదనరు, పై ట్రిప్పు అంటారు. జ్వరమొచ్చి సెలవు చీటీ రాసేటప్పుడు సైతం గవర్రాజు 'రేపు రాను' అని రాయలేదు, 'ఎల్లుండి వస్తాను' అని రాశాడు. నూకరత్నానికి ఇవన్నీ తెలుసు. పెళ్ళైన కొత్తలో ఆమె ఒకసారి పొరపాటున 'పోతన్నావా' అని అడిగితే, ఆ రోజు బస్సెక్కకుండా వెనక్కొచ్చి, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరాడు.

"ఇది ఉత్తుత్తి మాట మావా. మిషనుకి సెప్పడం. మనుసులకి కాదు."

"సోమారం... సోమారం. డాట్రు బాబు... ఎదర."

"సోమారం దాకా నీకు మాటుంటాదని ఎవుడు సెప్పినాడు?"

"అందరితోటి... తోటి."

"అందరూ నాకేటి?" ఆవిడ గొంతు పెరిగింది. "నాలుగేల్లు నీ పక్కన కూకున్నది నాను, అందరూ కాదు. మొండికెయ్యకు. ఆ గొంతు కూడా పోతే నీకు మిగిలీది రెండు కనుగుడ్లు. వాటితోటి నాను కాపరం సెయ్యలేను మావా. సెప్పీసినాను. సెయ్యలేను."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అయినా వెనక్కి తీసుకోలేదు. దెబ్బ తగిలిందని తెలుసు, తగలాలనే కొట్టింది.

గవర్రాజు కళ్ళు గోడ వైపు తిరిగాయి. మళ్ళీ ఆవిడ మీదికి వచ్చాయి. రెండువారాలుగా ముక్కలు ముక్కలుగా వస్తున్న గొంతు, లోయ మలుపులో హారను కొట్టినట్టు, ఉన్న బలమంతా కూడగట్టుకుని ఒక్కసారిగా స్పష్టంగా పలికింది.

"పోతన్నాను. ఇంక రాను." ఆ వెంటనే, "సాలా?"

"సాలు మావా, సాలు!" అని ఆవిడ చప్పట్లు కొట్టింది.

స్పీకరు కింద ఉన్న చిన్న తెరమీద గూడు అక్షరాలు వచ్చాయి. 'సభ్యుడు వెళ్ళిపోయారు. తాళం విడుదలైంది.' నూకరత్నం స్టూలు మీంచి లేచి అతని నుదుటిమీద ముద్దు పెట్టుకుంది. తల ఎత్తేసరికి కింద ఇంకో వరస కనిపించింది. అది వాకిలిది.

'మీ నిర్ణయాన్ని గౌరవిస్తున్నాం. మీ ఆనవాళ్ళన్నీ తొలగించాం. సెలవు.'

ఆవిడ దాన్ని మూడుసార్లు చదివింది. అంతసేపు పట్టింది అర్థం కావడానికి. చెవులు రెండు, నోరు ఒకటి. ఆ నోటినుంచి వచ్చిన మాట రెండు చెవులూ విన్నాయి. గూడు పాత చెవిని తీసేసి సెలవిచ్చింది. ఏరికోరి తెచ్చుకున్న వాకిలి, షరతులో రాసిన ప్రకారం, క్షణం ఆలస్యం చెయ్యకుండా తుడిచేసింది.

"మావా" అంది. "మావా, ఏటైనా అను. తిట్టు."

స్పీకరులో సన్నని గురగుర తప్ప ఏమీ లేదు. గవర్రాజు కళ్ళు వెడల్పుగా తెరుచుకుని ఉన్నాయి. మాట్లాడుతున్నాడని ఆవిడకు తెలిసింది. ఏదో అంటున్నాడు, గట్టిగా అంటున్నాడు, అన్నది అందిందని చెప్పే చిమచిమ కోసం చూస్తున్నాడు. ఒక పావుగంట తరవాత ఆ కళ్ళు వాలిపోయాయి.

ఆవిడ ఫోను చేస్తే డాక్టర్ పట్నాయక్ పరుగున వచ్చాడు. వాకిలివాళ్ళతో మాట్లాడాడు, అరిచాడు, బతిమాలాడు. వాళ్ళు చాలా మర్యాదగా ఒప్పందం కాగితం పంపారు. కింద నూకరత్నం సంతకం, పెద్ద పెద్ద అక్షరాలతో.

"పది నిమిషాలు వాకిలిని ఆపి అనిపించి ఉంటే సరిపోయేది" అన్నాడాయన నేల చూపులు చూస్తూ. "ఆపే మీట మీ దగ్గరే ఉంది."

"మీకు ముందే తెలుసా? సోమారం అలగే సేద్దామనుకున్నారా?"

ఆయన అబద్ధం చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. "లేదమ్మా. మీ ఫోను వచ్చాకే తట్టింది. సోమవారం నా ఎదురుగా అయినా ఇదే జరిగేది. ఎర్రయ్యమ్మగారికి జరిగేది."

నూకరత్నం ఆ మాట విని, అయ్యో ఎర్రయ్యమ్మ అనుకోలేదు. ఎర్రయ్యమ్మకే జరిగి ఉంటే ఎంత బాగుండేది అనుకుంది. ఆ రోజల్లా అదే అనుకుంది. వంట చేస్తూ, అతని పక్కబట్టలు మారుస్తూ, అదే అనుకుంది. పాపమని కూడా అనిపించలేదు.

సోమవారం ఇరవై ఒక్కమందీ ప్రయోగశాలకు వచ్చారు. కొందరు అంబులెన్సుల్లో, కొందరు సొంత వ్యానుల్లో. మీట నొక్కాల్సింది నూకరత్నమే, బృందం ఆవిడ పేరు మీద ఉంది. ఒక్కొక్కరికీ వాకిలి ఆపడం, "పోతన్నాను, ఇంక రాను" అనిపించడం, గూడు వదిలేశాక వాకిలి తెరవడం. మైకులో చెప్పినంత శ్రద్ధగా, ఒక్క పొరపాటు లేకుండా చేసింది. ఎర్రయ్యమ్మ దగ్గర మాత్రం వేలు మీటమీద పెట్టి కాసేపు నొక్కలేదు. డాక్టరు ఆవిడవైపు చూశాడు. అప్పుడు నొక్కింది.

"ఒలమ్మ, రత్నమ్మా!" అంది ఎర్రయ్యమ్మ, రెండువారాల మాటలు ఒక్కసారే పొర్లుకొస్తుంటే. "నీ కడుపు సల్లగుండ! నీ రునం తీర్సుకోలేం తల్లీ. ఇంతకీ గవర్రాజు బాబేడీ? పలకడేటి?"

నూకరత్నం జాబితాలో తరవాతి పేరు పిలిచింది.

కొత్త చెవిని మొదటినుంచీ పెంచవచ్చన్నాడు డాక్టర్ పట్నాయక్. నాలుగేళ్ళు. యాభై ఒకటో ఏట, రెండువారాలు ఎండిన మెదడుకి ఇంకా ఎక్కువే పట్టవచ్చు. కానీ అతను మనసుపెట్టి అనుకోవాలి, వేలసార్లు. అనుకునేది అతనే, ఆ పని ఇంకెవరూ చెయ్యలేరు.

నూకరత్నం టోపీని సబ్బునీళ్ళతో తుడిచి, ఆరబెట్టి, పదిరోజుల తరవాత తీసుకొచ్చి మంచం పక్కన కూర్చుంది. గోడమీది స్పీకరులో పిచ్చాపాటి హోరెత్తిపోతోంది. ఎవరో చింతచిగురు పప్పు గురించి వాదిస్తున్నారు. ఎర్రయ్యమ్మ ఎవరి మనవరాలికో సంబంధం చూస్తోంది. మధ్యమధ్య "గవర్రాజు బాబూ, ఇంటన్నావా?" అని పలకరిస్తోంది. అతను వింటాడని, విని హుషారొస్తుందని, నూకరత్నమే రోజూ దాన్ని పెడుతోంది.

"మల్లీ మొదలెడదామా మావా?"

అతను రెప్పలు రెండుసార్లు ఆర్పాడు.

నలక పడిందేమోనని తడిగుడ్డతో తుడిచి మళ్ళీ అడిగింది. మళ్ళీ రెండుసార్లు.

"నా మీద కోపమా?"

పైకి చూశాడు. తొందరపడలేదు, తడబడలేదు. ఎప్పటికీ అలాగే చూస్తాడేమో అన్నంతసేపు చూశాడు. ఆవిడకి ఇంక అడగడానికి ప్రశ్నలు దొరకలేదు. అతనికి చెప్పవలసినవి వెయ్యి ఉండవచ్చు, కానీ ఆవిడ అడిగితేనే వాటికి దారి. ఏం అడగాలో ఆవిడకు తెలియలేదు. టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది.

స్పీకరులో అందరూ పగలబడి నవ్వారు. గవర్రాజు కళ్ళు దాని వైపు తిరిగి అక్కడే ఆగాయి.

"ఆపీయనా?" అంది నూకరత్నం.

అతను పైకి చూశాడు. ఆవిడ లేచి ఆపేసింది.